ఖాసీం సార్ నిమిషం

“సార్, మీ నిమిషానికి ఎన్ని సెకండ్లు?”

ఇబ్రహీంపట్నం డిపో ఎదురుగా, మొబైల్ దుకాణం పైనున్న ఖాసీం సార్ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మొదటిరోజే అనురాధ అడిగేసింది. అడగక ఏం చేస్తుంది? కంప్యూటర్‌లో పరీక్ష నడుస్తోంది. సారేమో వాచీ చెవికానించుకుని దొంగను చూసినట్టు కంప్యూటర్‌ను చూస్తున్నాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే: యంత్రం చెప్పే టైం నమ్మడు.

“నాకు అరవై. దానికి ఎన్నో దాన్నే అడుగు!”

ఆ అనుమానానికి మూలం ఆయన తొంభైల్లో రాసుకున్న ప్రోగ్రామే. అది కంప్యూటర్‌లోని గడియారం చూడదు, అంకెలు లెక్కపెడుతుంది. ఫలానా అంకె దాకా లెక్కపెడితే ఒక నిమిషం అయినట్టు. గబగబా లెక్కపెట్టే కొత్త కంప్యూటర్ కొన్న రోజు పది నిమిషాల పరీక్ష రెండు నిమిషాల్లో ముగిసింది, అందరూ లబోదిబోమన్నారు. అప్పుడు కొంచెం మార్చాడు. తెరవగానే, ఒక సెకండుకు ఎంతవరకు లెక్కపెట్టగలదో గడియారంతో సరిచూసుకుని ఆ లెక్కనే పట్టుకుంటుంది. ఇక ఫికర్ లేదనుకున్నాడు. లాప్‌టాప్‌లు వచ్చాయి. కరెంటు పోతే అవి బ్యాటరీ పొదుపు కోసం మెల్లగా నడుస్తాయి. లెక్క నెమ్మదిస్తుంది, నిమిషం సాగుతుంది.

ఈ రహస్యం సార్ కంటే ముందు నేర్చుకునేవాళ్లు కనిపెట్టారు. కరెంటు పోతే చాలు, నిమిషానికి ఇరవై మాటల వేళ్లు ముప్పై కొట్టేవి.

“సార్, కరెంటు పోయింది! జల్ది టెస్టు పెట్టుండ్రి!” అని అరిచేది బుష్రా, ఇద్దరు పిల్లల తల్లి.

“చార్జర్ ముట్టిండ్రంటే చేతులిరగ్గొడ్త!” అంటూ సార్, కరెంటున్నప్పుడు ఎవరూ చార్జర్ పీకకుండా ప్లగ్గుల ముందు స్టూలేసుకుని కాపలా కూర్చునేవాడు.

“లెక్కపెట్టుడెందుకు సార్? గడియారాన్నే అడిగేటట్టు రాయొచ్చు గద?” అంది అనురాధ.

“రాస్త తియ్. ముప్పై ఏండ్లు నమ్ముకున్నదాన్ని ఒక్కపారి పీకేస్తరా?”

కొంగరకలాన్ కొత్త ఆఫీసుల్లో టైపిస్టు ఉద్యోగం పడింది. నిమిషానికి ముప్పై మాటలు కావాలి. ప్లాట్ల ఆఫీసులో రోజంతా కస్టమర్లకు హద్దురాళ్లు చూపించి అలసిపోయే అనురాధకు ఆ ఉద్యోగమే దారి. వేళ్లు మాత్రం ఇరవై ఏడు దాటవు. పరీక్ష ముందురోజు కుర్చీ వెనక్కి తోసింది.

“నాతోని గాదు సార్. రేపు పోను.”

“ఒక్కసారి కొట్టు. తర్వాత నీ ఇష్టం.”

కొట్టింది. తెర మీద ముప్పై రెండు! అనురాధ ఎగిరి గంతేసింది. మర్నాడు అదే ఊపులో వెళ్లి, అసలు పరీక్షలో ముప్పై ఒకటి కొట్టింది. ఉద్యోగం వచ్చింది.

మిఠాయి డబ్బాతో వస్తే బుష్రా నవ్వాపుకోలేకపోయింది. “అనూ, ఆ దినం నువ్వు టెస్టు షురూ చేయంగనే సారే కాలితోని నీ చార్జర్ పీకిండు. నా కండ్లతోని జూసిన!”

సార్ ముఖం కందగడ్డయింది. “కాలు తగిలింది!”

“ఊడకపోతే రెండోపారి గూడ తగిలిందా సార్?”

“నా వాచీ ప్రకారం నువ్వు కొట్టింది ఇరవై ఏడే,” అన్నాడు సార్, అనురాధ వైపు చూడకుండా. “వేళ్లు మంచిగనే ఉన్నయ్. భయమే ఎక్కువుండె.”

అనురాధ ఆ నెల ఫీజు తీసి చేతిలో పెట్టబోయింది.

“తప్పుడు నిమిషాలకు పైసలు తీసుకోను. హరాం!”

మరుసటి వారమే ప్రోగ్రాం తిరగరాశాడు. ఇప్పుడది నేరుగా గడియారాన్నే అడుగుతుంది. కరెంటు ఉన్నా పోయినా నిమిషం నిమిషమే. టెస్టు పెట్టమని అరిచేవాళ్లూ లేరు.

అనురాధ ఆ నెల ఫీజు ఎనిమిది వందలు మాత్రం ఇంకా బాకీ ఉంది.