పానకాలయ్య గారికి అశ్రునివాళి

బతికున్న మనిషిని చంపడానికి కత్తీ కటారీ అక్కర్లేదు, ఎనిమిదడుగుల ఫ్లెక్సీ ఒకటి చాలు. ఈ సంగతి అద్దంకిలో పట్టపగలు నిరూపించినవాణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లి వీడియోలు తీసుకుంటూ నన్ను నేను పెద్ద డైరెక్టర్ననుకుంటున్న రోజులు. ఆ వయసులో అలా అనుకోని వీడియోగ్రాఫర్ ఎవరైనా ఉంటే చూపించండి, దండం పెట్టి వస్తాను.

నా చిన్నప్పుడు టీవీలో ‘పానకాలయ్య కాపురం’ అని ఒక హాస్య సీరియల్ వచ్చేది. పదమూడు ఎపిసోడ్లు. రాసిందీ, పానకాలయ్యగా వేసిందీ మా హైస్కూల్లో తెలుగు చెప్పిన శేషగిరి మాస్టారే. దాంతో ఊళ్లో సగం మంది ఆయన్ని పానకాలయ్యగారనే పిలిచేవాళ్లు. అందులో చివరి మూడు ఎపిసోడ్లు ఇప్పుడు లేవు. ఎవరో మహానుభావుడు ఆ క్యాసెట్ల మీద వాళ్ల మరదలి పెళ్లి ఎక్కించేశాడు. మిగిలిన పదీ జనం ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తూ, మిగతా మూడూ ఏవని అడుగుతూనే ఉంటారు.

వాళ్ల బాధ చూడలేక, అంటే నాకు పేరొస్తుందన్న ఆశ ఆపుకోలేక, ఆ మూడూ కొత్త నటులతో మళ్లీ తీస్తానని మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన దగ్గర స్క్రిప్టు చేతిరాత పుస్తకం ఒక్కటే మిగిలింది. దాన్ని నా చేతిలో పెట్టి ఒక్క షరతు పెట్టారు.

“తీసినవి ముందు నాకు చూపించు. నవ్వొస్తే జనానికి చూపించుకో. రాకపోతే పుస్తకం తెచ్చిచ్చి, తీసింది చెరిపేయ్.”

మొదటి రెండూ తీసి చూపించాను. పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు చూశారాయన. పెదవి కదల్లేదు. అయిపోయాక “కెమెరా బాగుంది” అన్నారు. హాస్యం తీసినవాడికి ఇంతకంటే పెద్ద తిట్టు తెలుగులో లేదు. మూడోది కూడా చూసి చెబుతానన్నారు. అంటే ఆర్నెల్ల కష్టం, పుస్తకం, నా పరువు అన్నీ ఆ మూడోదాని మీదే ఆధారపడ్డాయి.

మూడోదాని కథేమిటంటే, పానకాలయ్య పోయాడని తప్పుడు కబురు పుడుతుంది. బంధువులంతా ఏడుస్తూ వస్తారు, ఆయన ఎదురొస్తాడు. అందులో వీధి చివర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కనబడాలి, ఇంట్లో దండ వేసిన ఫొటో ఒకటి ఉండాలి. కొత్త పానకాలయ్య మా నాగేశ్వరరావు. పురుగుమందుల కొట్టు నడుపుతాడు, మనిషి సరదా మనిషి. కానీ ఫొటో అడిగేసరికి మొహం మాడిపోయింది.

“బావిలో దూకమను, దూకుతా. నా ఫొటోకి దండేస్తానంటే మాత్రం ఒప్పుకోను. మా ఆవిడ పుట్టింటికి పోద్ది.”

సరిగ్గా అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. పాత సీరియల్‌లోని మాస్టారి ఫొటో వాడితే పోలా? పాత పానకాలయ్యకి గౌరవం ఇచ్చినట్టూ ఉంటుంది. మీకు ఇప్పటికే చెమటలు పడుతున్నాయి కదూ. నాకు పట్టలేదు. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఫ్లెక్సీ కొట్టు ఏడుకొండలికి ఫొటో పంపి, ‘పానకాలయ్య గారికి అశ్రునివాళి, మీ చిరునవ్వు మరువలేం’ అని రాసి, రేపు పొద్దున్నకల్లా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలని ఫోన్లో చెప్పాను. షూటింగ్ అన్న ముక్క మాత్రం నా నోట రాలేదు. ఏడుకొండలూ మాస్టారి శిష్యుడే. బొంగురు గొంతుతో, అంతా తను చూసుకుంటానన్నాడు. పాపం జలుబు చేసిందనుకున్నాను.

మా వైపు మనిషి పోతే బంధువుల కంటే ముందు ఫ్లెక్సీ వస్తుంది. కొట్టువాడే అచ్చేసి, కర్రలు బిగించి, బస్టాండు సెంటర్లో నిలబెట్టి వెళతాడు. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు, అతనూ అడగడు. ఇది అద్దంకిలో పసిపిల్లలకి కూడా తెలుసు. డైరెక్టర్‌కి తెలియలేదు.

మర్నాడు పొద్దున పక్క ఊళ్లో మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కింట్లో షూటింగ్. ఏడ్చే బంధువులుగా కళ్లంలో కాయలు ఏరే ఆడవాళ్లనే పెట్టాను. వాళ్లు ఆ చేతుల్తోనే కళ్లు తుడుచుకోవడంతో గ్లిజరిన్ అవసరమే లేకపోయింది. ఏడుపు బ్రహ్మాండంగా వచ్చింది గానీ ఎంత బతిమాలినా ఆగలేదు. ఆ ఘాటుకి నాగేశ్వరరావుకీ నాకూ కూడా కళ్లు చింతనిప్పులయ్యాయి. ఫ్లెక్సీ మాత్రం ఎంతకీ రాలేదు. ఏడుకొండల్ని దులిపేద్దామని, ఆపేసిన ఫోను ఆన్ చేశాను. చెయ్యగానే మా అమ్మ ఫోను.

“ఒరేయ్ శ్రీనూ, శేషగిరి మాస్టారు పోయారంటరా. ఊరంతా ఆ ఇంటికి పోతుంటే నువ్వక్కడ బొమ్మలు తీసుకుంటన్నావా?”

ఇదంతా నేను చేసిందేనన్న అనుమానం వెంట్రుకంత కూడా రాలేదు. నా ఫ్లెక్సీ ఇంకా కొట్లోనే ఉందనుకుంటున్నాను మరి. ఆ పెద్దాయన్ని ఒక్కసారి నవ్వించలేకపోయానే, నా పని చూసి కెమెరా బాగుందన్న మాటతోనే వెళ్లిపోయారే అని నిజంగా ఏడ్చాను. షూటింగ్ ఆపి, అందరం ట్రాలీ ఆటో ఎక్కాం. షూటింగ్ కోసం తెచ్చిన దండ నా ఒళ్లో ఉంది.

బస్టాండు సెంటర్లో మాస్టారు ఫ్లెక్సీలోంచి చిరునవ్వు నవ్వుతున్నారు. ఆటో ఆపించి చేతులు జోడించాను. అప్పటికే ఫ్లెక్సీ కొట్టించారంటే ఊరికి ఆయనంటే ఎంత అభిమానమో అనుకున్నాను. పక్కన నాగేశ్వరరావు ముక్కు చీదుతూ, “మీ చిరునవ్వు మరువలేం… ఎవరు రాశారోగానీ బాగా రాశార్రా” అన్నాడు.

బాగానే రాశాను. నేనే రాశాను.

మాస్టారు పోలేదు. ఆ మాట బుర్రకెక్కగానే నాగేశ్వరరావుని వాటేసుకుని, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ముందు నడివీధిలో పగలబడి నవ్వాను. చుట్టూ ఉన్న జనం నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు. అది ఒక్క నిమిషమే. మరుక్షణం మాస్టారి ఇల్లు కళ్లముందు కనబడింది. జనమంతా అక్కడికే వెళ్తున్నారు. ఆయనకి బీపీ కూడా ఉంది.

ఫ్లెక్సీ పీకి ఆటోలో పడేసి పరిగెత్తాం. వెళ్లేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. వాకిట్లో ఓ ముప్పైమంది బుద్ధిగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. మధ్యలో పడక్కుర్చీలో మాస్టారు. జరిగిందేమిటంటే, మొదట వచ్చినవాళ్లకి ఆయనే తలుపు తీశారు. ఎదురుగా నిలబడ్డ మనిషితో మీరు పోయారని వచ్చామండి అని ఎవరనగలరు? ఊరికే చూసిపోదామని వచ్చామన్నారట. తర్వాత వచ్చినవాళ్లూ అదే మాట. దండలన్నీ వీపుల వెనకా, కుర్చీల కిందా దాక్కున్నాయి. మాస్టారి భార్య మూడో గిన్నె కాఫీ కలుపుతున్నారు.

మాస్టారు నన్ను చూసి, “నువ్వూ వచ్చావా? ఇవాళేంట్రా, నా పుట్టినరోజు కూడా కాదే” అన్నారు. తర్వాత మా ఎర్రటి కళ్లు చూశారు. నా చేతిలో దండ చూశారు. నాకు వెనక దాచుకునే తెలివి కూడా లేకపోయింది.

ఆయన కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. మాస్టారు ఒక్కొక్కరి వీపు వెనక్కీ తొంగి చూశారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత మొత్తం పడక్కుర్చీ కదిలింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, వాకిలి చూసి మళ్లీ మొదలుపెట్టారు. ఆయన భార్య గరిటెతో బయటికొచ్చి, “ఈయన ఇట్టా నవ్వి ఎన్నేళ్లయిందో నాయనా” అని నన్నే దీవించారు. నా గుండెల మీంచి బస్తాలు దించినట్టయింది.

నవ్వు ఆగాక మాస్టారు పుస్తకం అడిగారు. అప్పుడు జనం ఏడుస్తూ వస్తారని తప్పు రాశానని, అసలు జనం ఇలాగే కూర్చుంటారని, సీను మొత్తం కొట్టేసి అక్కడికక్కడే మళ్లీ రాసిచ్చారు. నవ్వేశారు కాబట్టి మూడూ జనానికి చూపించుకోమన్నారు. నేను లేచి దండం పెడుతుంటే ఇంకో మాట అన్నారు.

“గోడ మీద ఫొటో మాత్రం నీది పెట్టాలి. దండతో సహా.”

పెట్టాను. ఎపిసోడ్ లక్షణంగా ఆడింది. మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. సింగరాయకొండ నుంచి నాకు సంబంధం చూడాలనుకున్నవాళ్లు అది చూసి, అబ్బాయి ఎలా పోయాడని మధ్యవర్తిని అడిగారట.

కాబట్టి ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయునది ఏమనగా, ప్రాణమున్న ఏ మనిషి ఫొటోకీ ఈ జన్మలో నేను దండ వెయ్యను, వేయించుకోను. మొన్న నా పెళ్లిలో దండలు మార్చుకోగానే ఫొటోగ్రాఫర్ ఇటు తిరగమన్నాడు. ముందు దండ తీశాను, తర్వాతే తిరిగాను.