ఆక్టోపస్‌లో తప్పిన మొప్పలమ్మ

మా అత్తగారు ఆక్టోపస్‌లో తప్పారు. లెక్కల్లో తప్పినవాళ్లున్నారు, ఇంగ్లీషులో తప్పినవాళ్లు ఇంటికొకరున్నారు. ముప్పై ఒక్క ఏళ్లుగా చేపలమ్ముతూ, ఆక్టోపస్‌ని కళ్లు మూసుకుని కోయగల మనిషి మూడో తరగతి పిల్లల ఆక్టోపస్ పాఠంలో అయిదుకి సున్నా తెచ్చుకోవడం మాత్రం మా ఇంట్లోనే జరిగింది. ఆవిడకు చదువు చెప్పింది నేను. నా ఉద్యోగమే మూడో తరగతి టీచరు. కాబట్టి ఆ సున్నాలో సగం నాది.

మార్కెట్లో ఆవిడను మొప్పలమ్మ అంటారు. కొనడానికి వచ్చినవాళ్లు తాజాదేనా అని నోరు తెరవకముందే ఈవిడ చేప మొప్ప ఎత్తి చూపిస్తారు. ఎర్రగా ఉంటే మాట్లాడకుండా తక్కెడలో పడేస్తారు. ఎర్రగా లేకపోతే, 'ఇవాళ్టికి కూరగాయలు తినండి' అని పంపేస్తారు. ఈ నిక్కచ్చితనం వల్ల ఆవిడ చేపలు కోసే బండ ముందు ఎప్పుడూ జనమే.

ఆవిడకు చదువు రాదని పెళ్లయి తొమ్మిదేళ్లయినా నాకు తెలియదు. దీపం కిందే చీకటి అంటారు. ఆ దీపాన్ని నేనే. ఏ కాగితం వచ్చినా, 'కళ్లజోడు కనబడ్డం లేదు, నువ్వు చదువమ్మాయ్' అనేవారు. కళ్లజోడు నెత్తిమీదే ఉండేది. బస్సు మీద బోర్డు రాసినవాడిని, అంత చిన్న అక్షరాలేమిట్రా అని నలుగురికీ వినబడేలా తిట్టి, ఆ నలుగురిలో ఒకరి చేత చదివించుకునేవారు. పొద్దున్నే పాత వార్తాపత్రిక పరిచి దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చునేవారు. లోకం సంగతులు పట్టించుకునే అత్తగారు దొరికారని నేను మురిసిపోయాను. ఆవిడ చూస్తున్నది వార్త కాదు, ఆ కాగితంలో ఎంత చేప పొట్లం కట్టొచ్చా అని.

గుట్టు బయటపడింది కొత్త హాలు వల్ల. పాత మార్కెట్ పడగొట్టి, పైకప్పున్న పెద్ద హాలు కట్టారు. అక్కడ చోటు కావాలంటే మూడో తరగతి స్థాయి చదువు ఉండాలన్నారు. శుభ్రత గురించి గోడమీద రాసినవి చదివి అర్థం చేసుకోవాలట. ఒక పాఠం ఇస్తారు, కింద అయిదు ప్రశ్నలుంటాయి, మూడింటికి సరైన జవాబు రాయాలి. రెండుసార్లు రాయనిస్తారు. రెండోసారి కూడా తప్పితే ఆ చోటు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే ప్రకటించారు.

"నాకు చదువు రాదు. ఎవరూ నవ్వొద్దు."

ఎవరమూ నవ్వలేదు. ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు పని చేసే మా ఆయన, నోట్లో ముద్ద మింగాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయారు.

"ఏం, అంత జాలిగా కనబడుతున్నానా?" అని అత్తగారికి దానికీ కోపం వచ్చింది.

మర్నాటి నుంచి వంటింటి బల్ల మీద బడి మొదలైంది. పెన్సిల్‌ని కత్తి పట్టినట్టు పట్టేవారు. ములుకులు విరిగాయి, కాగితాలు చిరిగాయి, బల్ల మీద గాట్లు పడ్డాయి. అయినా మూడు నెలల్లో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చేశాయి. నా తరగతిలో ఏడాదికి ఇంత తొందరగా పట్టుకునే పిల్లలు ఇద్దరుంటే గొప్ప. ఇక పాఠం చదివి జవాబులు రాయడమొక్కటే మిగిలింది.

పరీక్ష పాఠాలు మా బడి పుస్తకంలోంచే తీస్తారని నాకు తెలుసు. అందుకని ఆ పుస్తకం ఆవిడ కంట పడనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా నిజాయితీ చూసి నేనే మురిసిపోయి, పాఠాలు సొంతంగా రాయడం మొదలుపెట్టాను. చేపలమ్మే మనిషికి సముద్రం గురించి అయితే ఉత్సాహంగా ఉంటుందనుకున్నాను. సముద్రం గురించి నాకేం తెలుసు? అందుకని ఆవిడనే అడిగేదాన్ని.

"సొరచేపకి ఎముకలుంటాయా అత్తయ్యా?"

"ఉండవు. మన చెవి దొప్పలో ఉంటుందే, అలాంటి మెత్తనిదే ఒళ్లంతా."

"పీతకెన్ని కాళ్లు?"

"ముందు గోళ్లతో కలిపి పది. ఇవన్నీ నీకెందుకే?"

"ఊరికే."

అడిగినదంతా రాసుకుని, మర్నాడు దాన్నే శుభ్రంగా పాఠంగా రాసి ఆవిడ ముందు పెట్టేదాన్ని. ఆవిడ మర్యాదగా కాసేపు పెదవులు కదిపి, టకటకా జవాబులు రాసేవారు. అన్నీ కరెక్టే. ఎర్ర సిరాతో నక్షత్రం పెట్టేదాన్ని. నలభై పాఠాలు, నలభై నక్షత్రాలు. తాతకు దగ్గులు నేర్పుతున్నానని నాకు తోచనే లేదు. పైగా స్టాఫ్ రూములో కూర్చుని, 'మా అత్తగారు నాలుగు నెలల్లో గడగడా చదువుతున్నారు, అంతా చెప్పే పద్ధతిలో ఉంది' అని కోతలు కోశాను.

మొదటి పరీక్ష మార్కెట్ ఆఫీసు మేడమీద జరిగింది. గంటసేపు ఇస్తే అత్తగారు పది నిమిషాల్లో రాసేసి, కొంగు దులుపుకుంటూ లేచారట. నేను బడి నుంచి వెళ్లేసరికి గుమస్తా బల్ల ముందు పెద్ద గొడవ జరుగుతోంది.

పాఠం చిట్టి అనే ఆక్టోపస్ కథ. చిట్టి చెయ్యి ఒకటి సొరచేప కొరికేసింది, ఏడే మిగిలాయి. పగిలిన కుండలో ఉంటుంది, చీకటంటే భయం, తాబేలు దానికి స్నేహితుడు, ఆ తాబేలు ఓ ముత్యం తెచ్చిస్తుంది. పిల్లల కథ. చిట్టికి చేతులెన్ని అన్నదానికి మా అత్తగారు ఎనిమిది అని రాశారు. ఎక్కడ ఉంటుంది అంటే, మా దగ్గర ఐసు పెట్టెలో అన్నారు. దేనికి భయపడుతుంది అంటే, దేనికీ భయపడదు, కొరుకుతుంది కూడా అని రాశారు. స్నేహితుడెవరన్న ప్రశ్నకు, దానికి స్నేహితులుండరు, ఒంటరిది. తాబేలు ఏమిచ్చింది అన్నదానికి జవాబు, తాబేలు ఎవరికీ ఏమీ ఇవ్వదు.

"ఏడు చేతులని ఇక్కడ రాసుంది కదా పెద్దమ్మా," అంటున్నాడు గుమస్తా.

"రాసినవాడిని పిలు బాబూ. వాడికి లెక్క రాదు."

"ఒకదాన్ని సొరచేప కొరికేసింది."

"కొరికితే మళ్లీ మొలుస్తుంది. ఆ ముక్క కూడా తెలీని వాడు పుస్తకాలు రాస్తే, నేను తప్పానా?"

గుమస్తా నెమ్మదస్తుడు. పదిహేను రోజుల తర్వాత ఇంకొక్కసారి రాయొచ్చని, అదే ఆఖరుదని చెప్పాడు. పక్క బండమీద ఎండుచేపలమ్మే ఆవిడకు అయిదుకి అయిదు వచ్చాయి. "నేను చేపల సంగతి ఆలోచించలేదక్కా, కాగితంలో ఏముంటే అది రాసేశా," అంది. ఆ పిల్లకి చేపల గురించి ఎప్పుడూ ఏమీ తెలియదని అత్తగారు దారి పొడుగునా అంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక నిలదీశాను.

"అసలు పాఠం చదివారా అత్తయ్యా?"

"మొదటి మాట చదివాను. ఆక్టోపస్ అనుంది. ఇంక చదవడానికేముంది?"

"మరి నేనిచ్చిన నలభై పాఠాలు?"

"నేను చెప్పిందేగా నువ్వు రాసుకొచ్చావు. మళ్లీ నేనే చదవాలా?"

నా నలభై నక్షత్రాలు ఒక్క దెబ్బకు నేలరాలాయి. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరి మొహాలు చూసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నేను ఇంకా ఏదో అనబోతుంటే అత్తగారి గొంతు తగ్గింది.

"తెలియంది చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. మూడో మాటకొచ్చేసరికి మొదటి మాట మర్చిపోతాను. ఎండుచేపల పిల్ల పక్కన కూర్చుని అలా నత్తలా పాకలేకపోయాను. ఆ చోటు పోతే నేనేం చెయ్యను అమ్మాయ్? పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నీ వంటకి వంకలు పెట్టాలా?"

ఆ ఆఖరి మాటతో నాకు కోపం పోయి భయం పట్టుకుంది.

ఆ పదిహేను రోజులూ ఆవిడకు ఏమాత్రం తెలియని సంగతులే ఏరి ఏరి పెట్టాను. ఎడారి, మంచుకొండలు, ఒంటె. కాగితం చూడగానే తల పక్కకు తిప్పేసేవారు. "ఒంటె గురించి నాకేం తెలుసే?" "చదివితే తెలుస్తుంది." "తెలిసి ఏం చేసుకోను?" అని సణుగుతూనే వేలు పెట్టి చదివేవారు. ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు అని చదివిన రోజు మాత్రం, ఆ కొవ్వు ఎన్ని కిలోలు తూగుతుందని అడిగారు. పాఠంలో లేదన్నాను. అసలైంది వదిలేశారని పెదవి విరిచారు. మార్కులు రెండు వచ్చేవి, ఒక్కోరోజు మూడు. అంతకు మించి ఎప్పుడూ రాలేదు.

రెండో పరీక్ష రోజు సెలవు పెట్టి వెంట వెళ్లాను. మేడమీద వసారాలో, కిటికీ పక్కన నిలబడ్డాను. గుమస్తా కాగితం ఇస్తూ, "పెద్దమ్మా, మీకోసమని వెతికి మళ్లీ ఆక్టోపస్సే తీశాను," అన్నాడు. పాపం, మేలు చేశాననుకున్నాడు.  ఒంటె అయితే అత్తగారు తప్పనిసరిగా చదివేవారు. ఇది మా పుస్తకంలో 'ఆక్టోపస్ తల్లి' పాఠం. పన్నెండేళ్లుగా చెబుతున్నాను కాబట్టి నాకు కంఠతా వచ్చు.

పేరు చూడగానే అత్తగారి మొహం వెలిగిపోయింది. పెన్ను తీసి నేరుగా కింద ప్రశ్నల దగ్గరికి వెళ్లిపోయారు. నేను దగ్గాను. ఇంకాస్త గట్టిగా దగ్గాను. గుమస్తా నావైపు చూసి మంచినీళ్లు కావాలా అని సైగ చేశాడు. అత్తగారు తలెత్తలేదు. మొదటి ప్రశ్న దగ్గరే పెన్ను ఆగిపోయింది. 'ఆక్టోపస్ తల్లి గుడ్లను ఎలా శుభ్రంగా ఉంచుతుంది?' ఆవిడకు తెలిసిన ఆక్టోపస్‌లు సముద్రంలోంచి బయటికొచ్చినవి. సముద్రంలో వాటి కాపురం సంగతి ఆవిడెప్పుడు చూశారు? కాసేపు పైకప్పు కేసి చూశారు. తర్వాత పెన్ను కింద పెట్టి, చూపుడు వేలు పాఠం మొదటి మాట మీద పెట్టారు.

వేలు కదలడం మొదలైంది. మాటకొక చోట ఆగుతూ, వెనక్కి వస్తూ, మళ్లీ ముందుకు పోతూ. మిగతావాళ్లు రాసేసి వెళ్లిపోయారు. అరగంటకు వేలు పాఠం మధ్యకు వచ్చింది. తల్లి ఆక్టోపస్ రాతి సందులో దూరి, గుడ్లను దండల్లా వేలాడదీస్తుంది. వాటిమీదికి నీళ్లు చిమ్ముతూ మురికి పట్టకుండా చూస్తుంది. దగ్గరికొచ్చినవాటిని తరుముతుంది. అక్కణ్ణించి కదలదు, ఏమీ తినదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు కాబట్టి, ఆవిడ వేలు ఎక్కడుంటే నేనూ అక్కడే ఉన్నాను. త్వరగా అత్తయ్యా, త్వరగా అని లోపల్లోపల గింజుకుంటున్నాను.

చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. పైకి వెళ్లి మళ్లీ అక్కడికొచ్చి ఆగింది. ఇంకోసారి వెళ్లొచ్చింది. ఇంకా పది నిమిషాలే ఉన్నాయని గుమస్తా గుర్తుచేశాడు. అప్పుడు పెన్ను తీసుకుని రాశారు. గడువు కాకముందే కాగితం ఇచ్చేశారు.

గుమస్తా అక్కడికక్కడే దిద్దాడు.

"నాలుగూ కరెక్టు. పాసయ్యారు పెద్దమ్మా! హాల్లో చోటు మీదే. కానీ అయిదోది వదిలేశారేం? అన్నిటికన్నా సులువైంది అదే. 'పిల్లలు బయటికొచ్చాక తల్లి ఏమవుతుంది?' అంతవరకు చదవలేదా?"

"చదివాను బాబూ. రాయబుద్ధి కాలేదు."

మెట్లు దిగుతుంటే నేను సంతోషం పట్టలేక ఏదేదో వాగుతున్నాను.  ఆవిడ ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయారు.

"బక్కచిక్కినవి వస్తుంటాయి అమ్మాయ్, అప్పుడప్పుడు. రంగు వెలిసిపోయి, తోలు వేలాడుతూ. రోగమేమో అనుకునేదాన్ని. ఇలాంటివా నాకు తెచ్చేది అని తెచ్చినవాణ్ణి తిట్టి, అవతల పారేసేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్లు." కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "తిండి మానేసిన తల్లులే అవి. ఎవరూ చెప్పలేదు నాకు."

నేను పక్కన కూర్చున్నాను.

"మీ బళ్లో పిల్లలు ఇది చదివి ఏం చేస్తారు?" అని అడిగారు.

"చనిపోతుంది అని రాసి, మార్కు వేయించుకుని, ఆడుకోవడానికి పోతారు అత్తయ్యా."

"ఒక్కళ్లూ ఏడవరా?"

"పిల్లల సంగతి సరే, పన్నెండేళ్లుగా చెబుతున్నాను, నేనే ఏడవలేదు."

అత్తగారు నా మొహంలోకి చూశారు. వెక్కిరింపు లేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు.

"అయితే నువ్వూ చదవలేదన్నమాట," అన్నారు.

ఇంటికొచ్చి ఆవిడ స్నానానికి వెళ్లగానే మా బడి పుస్తకం తీశాను. ప్రశ్నలు కనబడకుండా పేజీ కింది భాగం మడిచి, మొదటి మాట మీద వేలు పెట్టాను.