టేపు మీద పెన్సిల్ రాత

నిన్న అజీజ్‌నగర్‌లోని ఒక ఫామ్‌హౌస్‌లో పాత రౌటర్‌ను గోడ మీంచి దించి బోర్లించాను. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఎండిపోయిన బల్లిగుడ్డు పెంకు, దవాఖానలో కట్టుకు వేసే తెల్ల టేపు ముక్క ఒకటి. టేపు మీద పెన్సిల్‌తో రాసిన అంకెలు ఇంకా చెదరలేదు. ఆ రాత రత్నమన్నది. ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లి మూడేళ్లయింది. కాసేపు ఆ నేల మీదే కూర్చుండిపోయాను.

రత్నమన్న మా ఆలూరు ప్రార్థన మందిరంలో పెద్ద. వారమంతా చేవెళ్లలో చిన్న దుకాణం నడుపుతూ, మొయినాబాద్ దాకా ఇళ్లకు ఇంటర్నెట్, కెమెరాలు బిగించేవాడు. డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉన్న నన్ను ఒక ఆదివారం ఆరాధన తర్వాత పిలిచి, "పాటలు మస్తు పాడుతవ్ చెల్లె. పని గూడ నేర్చుకుంటవా?" అన్నాడు. అలా చేరాను. ఆయనకొక నియమం ఉండేది. రౌటర్‌లో ఒక్క అంకె మార్చాలన్నా, ఏం పెట్టామో టేపు మీద రాసి, మార్చిన మనిషి పేరు పెట్టి, అడుగున అంటించాలి. పెన్నుతో కాదు. "సిరా వేడికి ఎలిసిపోతది. పెన్సిల్ ఉంటది." తప్పు రాసినా రబ్బరు పట్టనిచ్చేవాడు కాదు, గీత కొట్టి, కింద మళ్లీ రాయాలి. నాకది చాదస్తంగా తోచేది. ఫోన్‌లో ఫోటో తీసుకుంటే చాలదా అనేదాన్ని. "ఫోటో నీ ఫోన్ల ఉంటది. ఎనకొచ్చేటోనికి ఎట్ల తెలుస్తది?" అనేవాడు.

చేరిన ఏడాదికి ఈ ఫామ్‌హౌస్‌కే నన్ను ఒక్కదాన్నే పంపాడు. వైఫై పాస్‌వర్డ్ మార్చి రావడమే పని. సెట్టింగులు తెరిచి చూస్తే, రౌటర్ లోకల్ అడ్రస్‌లో, అంటే ఇంట్లోని యంత్రాలన్నీ దాన్ని గుర్తుపట్టే నంబరులో, మూడో సంఖ్య ఇరవై అని ఉంది. నేను చూసిన మిగతా ఇళ్లన్నిటిలో అక్కడ ఒకటి అనే ఉండేది. ఎవరో పొరపాటు చేశారనుకుని ఒకటిగా సరిదిద్దాను. టేపు రాయలేదు. రౌటర్‌ను తిప్పి కూడా చూడలేదు. ఫోన్లు, టీవీ వెంటనే పనిచేశాయి, తృప్తిగా బస్సెక్కాను. కానీ ఫోన్లు రౌటర్‌ను అడిగి కొత్త నంబరు తీసుకుంటాయి. కెమెరాలకు మాత్రం రత్నమన్న తన చేత్తో ఆ ఇరవై ఉన్న నంబర్లే స్థిరంగా పెట్టాడు. అవి ఆ పాత నంబర్ల మీదే ఆగిపోయాయి. హైదరాబాద్‌లో ఉన్న యజమాని ఫోన్‌లో తెర నల్లబడింది.

రెండు రోజుల తర్వాత మేమిద్దరం వెళ్లేసరికి వాచ్‌మన్ యాదయ్య గది ముందు మూటలు కట్టి ఉన్నాయి. యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెడ్డవాడు కాదు, కానీ కోపంతో ఊగిపోతున్నాడు. "కావాలనే ఆపేశాడండీ. ఇక్కడేం జరుగుతోందో నాకు కనపడకూడదనే కదా!"

"నాకు టీవీ రిమోటే సక్కగ రాదు సార్. కెమెరాలెట్ల బంద్ జేస్త?" అన్నాడు యాదయ్య.

యాదయ్య భార్య పిల్లల పుస్తకాల సంచి పట్టుకుని నిలబడింది. నేను మార్చిన అంకె గుర్తొచ్చింది. "కంపెనీ లైన్ పోయిందేమో సార్" అని నోటికొచ్చిన అబద్ధం ఆడాను.

రత్నమన్న రౌటర్ దించి, తిప్పి, అడుగున టేపు నాకు చూపించాడు. ఇరవై అని ఉంది, కింద ఆయన పేరు. నెమ్మదిగా అడిగాడు: "ఇది నా రాత. నీ రాత లేదు. నువ్వు చెప్తవా చెల్లె, నన్ను చెప్పమంటవా?"

ఆదివారం బడిలో పాపపు ఒప్పుకోలు గురించిన వాక్యాలన్నీ తడబడకుండా అప్పజెప్పి బహుమతి తీసుకున్నదాన్ని. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. "నేనే మార్చిన సార్. యాదయ్యన్నకు ఏం తెల్వదు" అన్నాను.

యజమాని తానే వెళ్లి ఒక మూట ఎత్తి యాదయ్య గదిలో పెట్టి వచ్చాడు. యాదయ్య భార్య మాత్రం నన్ను వదల్లేదు. "ఇంత సేపాయె! జర ముందుగాల చెప్తే నీ నోట్ల ముత్యాలు రాల్తుండెనా?"

రత్నమన్న నా చేతే మళ్లీ ఇరవై పెట్టించాడు. కెమెరాల బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. అప్పుడు పెన్సిల్ ఇచ్చాడు. 'ఒకటి అని మార్చిన. తప్పు. మళ్ల ఇరవై పెట్టిన. సుగుణ' అని అదే టేపు మీద ఆయన పేరు కింద రాశాను. తిరుగుదారిలో మొయినాబాద్‌లో చాయ్ తాగుతూ, "అది ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతదన్నా" అన్నాను.

"యాదయ్య ఇజ్జత్ రెండు దినాలు పోయింది గద. నీది జర పోనీ" అన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఆదివారం ఆరాధనలో మొదటి పాట నన్నే పాడమన్నాడు.

మందిరంలో ప్రభువు బల్ల రొట్టె తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోమని పాస్టరుగారు చెప్పినప్పుడల్లా నాకు ఈ టేపే కళ్ల ముందు కదులుతుంది. నిన్న దాన్ని చిరగకుండా ఊడదీసి కొత్త రౌటర్ అడుగున అంటించాను. పైన ఆయన పేరు, కింద నా తప్పు, నా పేరు. పక్కనే ఇంకో ముక్క మీద నిన్న చేసిన పని రాశాను. తర్వాత యాదయ్యను పిలిచి, కెమెరాలన్నీ వచ్చాయో లేదో ఆయన కళ్లతోనే చూసుకోమన్నాను. ఆయన ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కపెడుతుంటే, చివరిది వచ్చేదాకా నిలబడి, పెన్సిల్ సంచిలో వేసుకున్నాను.