రాజవ్వ కొట్టిన ఒక్క లైను

అది 2016 ఎండాకాలం. మంచిర్యాల అప్పటికింకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. నేను కరీంనగర్‌లో ఒక మందుల షాపు పైగదిలో ఆఫీసు పెట్టుకొని, చుట్టుపక్కల ఆసుపత్రుల, బడుల సర్వర్లను చూసుకునేదాన్ని. సర్వర్ అంటే అందరికీ కావలసిన ఫైళ్లను ఒకచోట దాచి, అడిగిన కంప్యూటర్‌కు అందించే యంత్రం.

మంచిర్యాలలో ఒక చిన్న ఆసుపత్రి నా బాధ్యతలో ఉండేది. అక్కడ తీసిన సీటీ స్కాన్లు సర్వర్‌లోకి చేరేవి. కరీంనగర్‌లో ఉండే రేడియాలజిస్టు, అంటే స్కాన్లు చదివే డాక్టరు, వాటిని ఇంటర్నెట్ మీద తెరిచి చూసి రిపోర్టు చెప్పేవారు. ఆ సర్వర్‌కు కాపలా ఫైర్‌వాల్. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న రూల్స్ అందులో వరుసగా ఉంటాయి. యంత్రం వాటిని పైనుంచి కిందికి చదువుతుంది. మొదట ఏది వర్తిస్తే దాన్ని పాటించి, మిగతావాటి జోలికి పోదు.

ఆ వారం బయటినుంచి ఎవరో పాస్‌వర్డ్ కనిపెట్టాలని ఎడతెరిపి లేకుండా ప్రయత్నిస్తున్నారు. ఆదివారమైతే ఆసుపత్రిలో సందడి ఉండదని, పొద్దున పదకొండింటికి నా ఆఫీసులో కూర్చునే రూల్స్ సరిచేయడం మొదలుపెట్టాను. తెలిసినవాళ్లను రానిచ్చే రూల్స్ అప్పటికే ఉన్నాయి. ‘మిగతా అందరినీ ఆపు’ అన్నది వాటన్నిటి కింద చేర్చాలి. నేను పైన చేర్చాను. అంతటితో ఆగకుండా, పనిచేస్తుందో లేదో చూడకముందే సేవ్ చేసే కమాండ్ కూడా అదే లైనులో రాసి ఎంటర్ నొక్కాను.

తెర కదలడం మానేసింది. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అన్న తేడా లేకుండా సర్వర్ అందరికీ తలుపు మూసేసింది, నాతో సహా. సేవ్ చేశాను కాబట్టి ఆపి మళ్లీ ఆన్ చేసినా అదే రూల్ వస్తుంది. బస్సెక్కి వెళ్దామని సంచీ సర్దుకుంటుంటే ఆసుపత్రి డాక్టరు గారి ఫోన్.

“స్వాతీ, స్కాన్లు పోతలేవమ్మా. ఆటో బోల్తా వడి నలుగురు వచ్చిండ్రు. ఇద్దరికి తలకు దెబ్బలు.”

సంచీ కింద పెట్టేశాను. “తప్పు నాదే సార్. రూల్ తప్పుగా పెట్టిన. ఫోన్ల ఫోటో తీసి పంపితే నడవదా?”

“పంపిన. తల లోపట రక్తం సన్నగ కారితే ఫోటోల కనవడదంటుండు కరీంనగర్ సారు. నువ్వు జల్ది చెయ్.”

“ఎవరన్నా సర్వర్ ముందట కూసుంటే ఒక్క లైను కొట్టిస్త సార్.”

“ఎవలున్నరు? కంప్యూటర్ ఆపరేటర్ సుల్తానాబాద్‌ల పెండ్లికి పోయిండు. టెక్నీషియన్, నర్సులు పేషెంట్ల కాడ ఉన్నరు. రాజవ్వను పంపుత. ఆమెకు చెప్పు.”

రాజవ్వ ఆ ఆసుపత్రిలో ఆయా. యాభై దాటి ఉంటాయి. భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను వెళ్లినప్పుడల్లా సర్వర్ గది తాళం తీసి, ఫ్యాను వేసి, దుమ్ము తుడిచి వెళ్లేది.

“బిడ్డా, నాకు అచ్చరం ముక్క రాదు,” అంది ఫోన్ అందుకోగానే.

“అచ్చరాలు వద్దవ్వా. బొమ్మలు చూసి నొక్కు. నేను చెప్త.”

ముందు లోపలికి పోవడానికి పేరు, తర్వాత పాస్‌వర్డ్. ఎవరికీ చెప్పొద్దని డాక్టరు గారికే పదిసార్లు చెప్పిన పాస్‌వర్డ్‌ను ఫోన్లో ఒక్కో గుర్తూ పలకాల్సి వచ్చింది. అంతలో రాజవ్వ గొంతు మారింది.

“నొక్కుతున్న గని ఏం కనవడ్తలే!”

“అది కనవడదవ్వా, దాని కత గంతే. నొక్కుతూ పో.”

పూర్తయింది. ఎంటర్ నొక్కించాను. “మల్ల మొదటి లెక్కనే అయింది బిడ్డా.” మళ్లీ చేశాం. మళ్లీ అంతే. ఫోన్లోంచి ఎవరిదో ఏడుపు వినపడుతోంది.

అప్పుడు రాజవ్వే అడిగింది. “గుండ్రంగ ఉన్నది నొక్కుమన్నవ్ గదా. గుండ్రంగ రెండున్నయ్. మీది వరుసల సన్నది, దాని కింద బొద్దుది. ఏది నొక్కాలె?”

పేరులో ఉన్న ‘ఓ’ అక్షరానికి బదులు ఆమె సున్నా నొక్కుతోంది! నేను కళ్లు మూసుకొని ఆ కీబోర్డును ఊహించుకున్నాను. “బొద్దుది అవ్వా, కిందిది!”

ఈసారి తలుపు తెరుచుకుంది. ఇక అసలు లైను, పైనున్న మొదటి రూల్‌ను తీసేయమని చెప్పేది. జెండా లెక్క ఉన్నది, సుత్తె లెక్క ఉన్నది, లాడం లెక్క ఉన్నది. కొన్ని నేను చెప్పాను, కొన్నిటికి ఆమే పేర్లు పెట్టింది. మధ్యలో ఒకసారి భయపడింది. “నేను నొక్కింది ఒకటి, తెర మీద వచ్చింది ఇంకొకటి!” మీటల మీద పెద్ద అక్షరాలు, తెర మీద చిన్నవి. ఇన్నేళ్లలో ఆ తేడా ఒకరిని భయపెడుతుందని నాకు తట్టనే లేదు. చివర ఒకటి అంకె. “గిది నాకెరికే,” అంది ధీమాగా.

“ఎంటర్ నొక్కినవా? ఏమొచ్చింది?”

“ఏం రాలే. ఊకున్నది.”

ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే. నా తెర మీద ఆగిపోయిన కర్సర్ మిణుకుమిణుకుమంది. “అయిపోయిందవ్వా!” అని అరిచాను. అప్పటికే ఆమె, “నన్ను పిలుస్తుండ్రు బిడ్డా,” అని ఫోన్ పెట్టేసింది.

పావుగంటలో రేడియాలజిస్టు స్కాన్లు చూశారు. అందరికన్నా ఎక్కువగా ఏడుస్తున్న ఆమెకు తలలో ఏమీ కాలేదు. తల లోపల రక్తం కారింది ఆటో నడిపిన మల్లేశ్‌కు. నుదుటి మీద చిన్న గాటుతో, మిగతావాళ్లకు నీళ్లందిస్తూ తిరుగుతున్నాడట. ఇంటికి పోతానని అప్పటికే రెండుసార్లు లేచాడట. వెంటనే కరీంనగర్ తరలించారు. సాయంత్రంలోపు ఆపరేషన్ అయింది. బతికాడు. నేను ఆ రోజే పాస్‌వర్డ్ మార్చి, రూల్స్ అన్నీ మొదటినుంచి మళ్లీ రాశాను.

వారం తర్వాత మంచిర్యాల వెళ్లి రాజవ్వను కలిశాను. పాడైన సర్వర్‌ను బాగుచేసిందని ఆసుపత్రిలో అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే, నా తప్పు ఆమె దగ్గర దాచినట్టు అనిపించింది.

“అవ్వా, ఆ దినం సర్వర్ ఖరాబ్ కాలే. నేనే తప్పు జేసిన.”

“డాక్టర్ సారుకు చెప్పినవా?”

“అప్పుడే చెప్పిన.”

“గట్లైతే ఇంకేంది? ఊకె ఫికర్ వెట్టుకోకు. కూసో, చాయ్ దెస్త.”

తర్వాత ఏ ఆదివారం పని ఉన్నా ఆ ఆసుపత్రికి ముందు ఫోన్ చేసేదాన్ని. “అవ్వా, జర సర్వర్ కాడ కూసుంటవా?” అంటే, “ఇయ్యాల ఏం ఖరాబ్ జేస్తవ్ బిడ్డా?” అని నవ్వేది. ఆమె పని మానేసి చాలా ఏళ్లయింది. ఆ ఆసుపత్రి స్కాన్లు ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్న పెద్ద కంపెనీ సర్వర్లలోకి పోతాయి. ఆ చిన్న గది మందుల స్టోరు అయింది. అటు వెళ్లినప్పుడు ఆ తలుపు ముందు నా నడక నెమ్మదిస్తుంది.

ఫైర్‌వాల్ మార్చేముందు, పది నిమిషాల్లో నేను సరేననకపోతే పాత రూల్స్ వాటంతటవే తిరిగొచ్చేలా ఇప్పుడు ఏర్పాటు చేసుకుంటాను. అది యంత్రం సంగతి. దాంతోపాటు అవతల ఎవరున్నారో కనుక్కుంటాను. వాచ్‌మెనో, ఆయానో, ఎవరైనా సరే, ముందు పేరు అడుగుతాను. వాళ్ల ముందున్న తెర మీద ఏం కనపడుతోందో వాళ్ల మాటల్లోనే చెప్పమంటాను. అది నాకు అర్థమయ్యాకే మొదటి మీట నొక్కుతాను.