బాణం గుర్తున్న ఫోటో

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో మా కేసముద్రంలో కంప్యూటర్ తెలిసిన ఆడపిల్ల అంటే మర్యాదే వేరు. నాకు తెలిసిందల్లా కంట్రోల్ సి, కంట్రోల్ వి, శాశ్వతంగా చెరిపేయడానికి షిఫ్ట్ డిలీట్. అయినా మా బావ ఫోటో స్టూడియోలో మౌస్ పట్టుకుని కూర్చుంటే కలెక్టరుకు కూడా అంత ధీమా ఉండదేమో. బావకు కెమెరా తప్ప కంప్యూటర్ రాదు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టడం ఆయనకు నేర్పిన గురువును నేనే. (ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.)

మా పెద్దనాయినకు కెమెరా కనిపిస్తే చాలు, ఎక్కడలేని పనులన్నీ గుర్తొచ్చి మాయమయ్యేవాడు. ఓటరు కార్డు మీద ఉన్నది తానో కాదో ఆయనకే అనుమానం. వంట-వార్పు అని ఊరంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తిన్న రోజున మాత్రం, గంటె తిప్పుతూ ఎవరి మాటకో పకపకా నవ్వుతుంటే బావ కెమెరాతో దొంగచాటుగా ఒక ఫోటో తీశాను. ఆ తర్వాత కొన్నాళ్లకే గుండె ఆగి పోయాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఇంట్ల ఆయన ఫోటో ఒక్కటి లేకపాయె. నువ్వు తీసింది పెద్దగ కొట్టియ్యి. దినాలనాడన్న ఆయన మొకం సూడాలె" అంది.

ఫ్లెక్సీ కొట్టించాలంటే మానుకోట పోవాలి (మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు, మేమెవరం అనం). తెల్లారితే దినాలు. నేను పోవాల్సిన రోజే రైల్‌రోకో, రైళ్లు లేవు. స్క్రీన్ మీద పెద్దనాయిన పేరుతో ఉన్న బొమ్మను మౌస్‌తో పట్టి, లాక్కుపోయి పెన్‌డ్రైవ్‌లో వదిలాను. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంది. బాణం ఉందంటే ప్రయాణానికి సిద్ధంగా ఉందేమో అనుకున్నాను, ఏం చెప్పను! అంత పెద్ద ఫోటో రెప్పపాటులో ఎలా ఎక్కిందని అనుమానం రావాలా, వద్దా? నా చేతివేగానికి నేనే మురిసిపోయి, "అయిపాయె బావా, ఫోటో ఎక్కిచ్చిన" అని కేకేసి, ధర్నాకు పోయే జనంతో కలిసి ట్రాక్టరెక్కాను.

మానుకోటలో బంద్. ఫ్లెక్సీలు కొట్టే అన్న సగం దించిన షట్టర్ కింద నుంచి నన్ను లోపలికి దూర్చి, పెన్‌డ్రైవ్ పెట్టి ఒకటికి నాలుగుసార్లు నొక్కాడు. తెరుచుకోలేదు. "చెల్లె, గిది ఫోటో కాదు. ఫోటో యాడున్నదో చూపెట్టే గుర్తు. అసలుది మీ కంప్యూటర్లనే ఉన్నది" అన్నాడు. హమ్మయ్య, ఉంది కదా అని బావకు ఫోన్ చేశాను.

"యాడిది? నువ్వు ఎక్కిచ్చిన అంటివి గదా! కంప్యూటర్ మస్తు స్లో అయితుందని పాతయన్ని తీసేసిన."

"చెత్తబుట్టల చూడు బావా!"

"అండ్ల గూడ ఉండదు. నువ్వు చెప్పినట్టే షిఫ్ట్ పట్టుకొని కొట్టిన."

గురువుకు తగ్గ శిష్యుడు. అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను. కెమెరా కార్డులో అప్పటికే ఎవరిదో పెళ్లి నిండిపోయింది. ఇక ఆయన ముఖం భూమ్మీద ఎక్కడా లేదు. పెద్దమ్మకు ఏమని చెప్పను? నా ఏడుపు చూడలేక ఫ్లెక్సీ అన్న, "ఊకో చెల్లె. మీ ఊరి పోరగాండ్లు వంట-వార్పుది ఒక ఫ్లెక్సీ కొట్టిచ్చిండ్రు. ఆ ఫోటో నా కంప్యూటర్లనే ఉంటది, జర దేవులాడుదాం, పరేషాన్ గాకు" అన్నాడు. దొరికింది. నాయకుడి మోచేతి వెనక, పొయ్యి పొగలో, గోరంత పెద్దనాయిన! సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటో. ఆ గోరంత ముఖాన్ని సాగదీసి నిలువెత్తు ఫ్లెక్సీ చేస్తే ఏమవుతుంది? ముఖమంతా గళ్లు గళ్లుగా విడిపోయి గళ్ల లుంగీ అయింది.

తెల్లారి దాన్ని వాకిట్లో కట్టాం. వచ్చిన చుట్టం ప్రతి ఒక్కరూ ముక్కు ఆనించినంత దగ్గరగా పోయి, "ఎవలే గీయన?" అంటుంటే, వంటల పందిరి వెనక దాక్కున్నాను. పెద్దమ్మ వచ్చింది. కళ్లు చికిలించింది. వెనక్కి నడిచింది. ఇంకొంచెం, ఇంకొంచెం, వాకిలి దాటి, రోడ్డు అవతలి దాకా. అక్కడ ఆగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డా, గీడికి రా! గీడికెల్లి సూడు. ఆయనే! నవ్వుతుండు!"

ఇప్పుడు నేను జనగామలో పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాను. ఫైల్ ఎక్కించాక ఇంకో కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూడండర్రా అని రోజూ మొత్తుకుంటే నవ్వుతారు. నవ్వనీ, ఆ మురిసిపోయిన పిల్లను తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. పెద్దమ్మ ఇంట్లో ఆ ఫ్లెక్సీ రంగు వెలిసి ఎదురుగోడ మీద ఇంకా ఉంది. ఎప్పుడు వెళ్లినా ముందు రోడ్డు అవతలే కాసేపు నిలబడి, తెరిచిన తలుపులోంచి ఆయన్ను చూసుకుంటాను. గడప దాటితే ఉండడు కదా.