కిటికీ ఉన్న గది

ఎనభైలనాటి మాట. విరేచనాలతో వాడిపోయిన మా చిన్నోణ్ణి ఉమ్రి నుంచి రైల్లో నాందేడ్ దవాఖానాకు తెచ్చాను. చేర్చుకుంటూనే మలం పరీక్షకు తీసుకున్నారు. వార్డులో మంచానికి ఇద్దరు పిల్లలు. పక్కనే ఫ్యానూ కిటికీ ఉన్న గది మాత్రం ఖాళీ. దుకాణంలో బేరాల మధ్య పుట్టిపెరిగినదాన్ని, ఊరుకుంటానా?

“గా గది ఎవలకోసం దాసిండ్రు సిస్టర్? మాకియ్యరాదు?” అని నర్సు కనబడినప్పుడల్లా పట్టుకున్నాను.

“పరీక్ష రిపోర్టు రానియ్యి బాయీ” అని తప్పించుకునేది.

చివరికి ఆమే వచ్చి మమ్మల్ని ఆ గదిలోకి మార్చింది. గెలిచాననుకున్నాను.

“రిపోర్టు వచ్చింది. మామూలు మందులకు లొంగని క్రిములున్నయ్ బాయీ. కడమ పిల్లలకు అంటొద్దని గిక్కడ పెడుతున్నం” అంది.

“వద్దు సిస్టర్, మా పాత జాగనే ఇయ్యి” అని మళ్లీ బేరానికి దిగాను. ఈసారి సాగలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి గదంతా చూసి, “షాబాష్! నీ నోటికి దవాఖానా గూడ లొంగిందే!” అన్నాడు. నేను పిల్లవాడి పక్కన ఒరిగిపోయాను.

మందు మార్చాక, మెల్లగా, వాడు బతికాడు. ఇప్పటికీ బేరంలో నేనడిగిన ధరకు ఎవరైనా తమంతట తామే వచ్చి ఒప్పుకుంటే నాకు గుండె దడే.