నేనే అని అందరూ అంటారు

మా అక్క మొగుడికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. తలుపు తట్టి "నేనే" అంటే చాలదు. "నేనే అని అందరూ అంటారు, పేరు చెప్పు" అంటాడు లోపలినుంచి. మా అక్క పాతికేళ్లుగా రెండు చేతుల్లో సంచులతో గుమ్మంలో నిలబడి, సొంత మొగుడికి తన పేరు చెప్పుకుంటోంది.

అలాంటి మనిషికి ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. నేను రికార్డుల గదిలో పనిచేసే ఆసుపత్రిలోనే బావ నెట్‌వర్క్ చూస్తాడు. గోడల్లో వైరు పెట్టే పోర్టులన్నీ ఆయన గదిలోని స్విచ్‌లనే పెట్టెలకి వెళ్తాయి. ఈమధ్య వాటికి తన బుద్ధే నేర్పాడు. ఎవరు కంప్యూటరు తెచ్చి వైరు పెట్టినా, స్విచ్ ముందు దాని అడ్రసు చూస్తుంది. "అడ్రసంటే ఇల్లు కాదురా, పుట్టుమచ్చ. ప్రతి మిషన్‌కీ ఒకటుంటుంది" అని నాకు పాఠం చెప్పాడు. అది జాబితాలో ఉంటే లోపలికి, లేకపోతే పోర్టు మూత.

ఆ జాబితా కోసం మూడు వారాలు అడ్రసులు రాసుకుంటూ ప్రతి బల్ల కిందా దూరాడు. నర్సులు "ఏం పోయింది సార్?" అని అడిగి అడిగి విసుగెత్తి, చివరికి ఆయన కాళ్లు దాటుకుని తిరగడం అలవాటు చేసుకున్నారు.

ఇంత హడావిడీ ఎందుకంటే, ఆయన కాంట్రాక్టు ఆ నెలతో సరి. తనిఖీకి వచ్చే ఆవిడ సంతకం పెడితే ఇంకో మూడేళ్లు. లేదంటే యాభై మూడేళ్ల వయసులో ఉద్యోగం వెతుక్కోవాలి. ఎన్ని వేళాకోళాలాడినా నాకూ లోలోపల భయంగానే ఉండేది.

ఆవిడ వచ్చి తన లాప్‌టాప్ పెట్టింది. పోర్టు మూసుకుంది. ఊరుకుందా? వరండాలోని ప్రింటరుని వెనక్కి తిప్పి, స్టిక్కరు మీది అడ్రసు చూసి, తన లాప్‌టాప్‌కి అదే పెట్టుకుంది. అంటే ప్రింటరు వేషం వేసుకుని "నేనే" అందన్నమాట. ఈసారి స్విచ్ తలుపు తీసింది. నాకు పైప్రాణం పైనే పోయింది. బావ మాత్రం గోళ్లు చూసుకుంటున్నాడు.

ఆవిడ తెర మీద ఒకే ఒక్క మాట వచ్చింది: "ఆ మిషన్ పోయి రెండేళ్లయింది. తమరెవరు?"

స్టోర్‌రూములో మూలపడ్డ పాత కంప్యూటరు స్టిక్కరు పీకి ప్రింటరుకి అంటించాడు మహానుభావుడు! ఆ అడ్రసు చెప్పినవాళ్లకి ఈ పలకరింపు తప్ప ఇంకేమీ అందదు. ఆవిడ పగలబడి నవ్వింది.

"బాగుందండీ. ఇక ఆ జాబితా ఒకసారి చూపిస్తే సంతకం పెట్టేస్తాను."

బావ దర్జాగా తన గదిలో కూర్చుని లాప్‌టాప్‌కి వైరు పెట్టాడు. పోర్టు మూసుకుంది. తీసి మళ్లీ పెట్టాడు. ఊహూఁ. చివరికి మిగిలిన తన గది పోర్టుకి కూడా ఆ పొద్దున్నే తాళం వేశాడు. ఆసుపత్రిలోని బల్లలన్నిటి కిందా దూరిన మనిషి, తన ఒళ్లో ఉన్నదాని అడ్రసు మాత్రం రాసుకోలేదు.

"నేనేరా!" అన్నాడు స్విచ్‌తో, పైకే.

ఆవిడ కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది. "జాబితా రేపు చూస్తాలెండి. మీ దగ్గరే మొహమాటపడని స్విచ్ ఇంకెవరి దగ్గర పడుతుంది?"

బావ ఇల్లు చేరేలోపే అక్కకి ఫోన్ చేసి, అంతా పూసగుచ్చినట్టు చెప్పేశాను. ఆ సంతోషం ఆపుకోవడం నావల్ల కాలేదు.

సాయంత్రం బావ తలుపు తట్టాడు.

"ఎవరు?"

"నేనే."

"నేనే అని అందరూ అంటారు" అంది అక్క లోపలినుంచి, తాపీగా. "జాబితాలో ఉన్నారో లేదో చూడాలి. పేరు చెప్పండి."

బావ రెండు చేతుల్లో పళ్ల సంచులతో గుమ్మంలో నిలబడి, బుద్ధిగా పేరు చెప్పాడు.